ఆదరణకు వెల కడుతున్న రాజ్యం

గత వేసవిలో మా పెద్దమ్మ చనిపోయింది. ప్రకాశం జిల్లాలోని ఒక మాదిగపల్లెలో పుట్టి, పొగాకు గ్రేడింగు పనుల్లో, మిరప చేలలో ఒళ్లు వంచి, డెబ్బై దాటాక ఆ పల్లెలోనే కన్నుమూసింది. మూడో రోజు సాయంత్రం ఇంటి ముందు షామియానా వేసి ఆదరణ కూడిక పెట్టారు. పాస్టరు గారు వాక్యం చెప్పారు. స్త్రీల సమాజం వాళ్లు ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం తెరవకుండానే పాటలు పాడారు. ఆ పుస్తకంలోని పాటల్లో చాలావాటిని రాసిన పురుషోత్తమ చౌదరి బ్రాహ్మణ కుటుంబం నుంచి వచ్చినవాడని ఆ పాడుతున్నవాళ్లలో ఎందరికి తెలుసో నాకు తెలియదు. తెలిసినా పాట ఆగేది కాదు.

‘ఆదరణ కూడిక’ అన్న మాట మీద కొంచెం ఆగాలి. పత్రికల భాషలో దాన్ని సంతాప సభ అంటాం. అయితే ఆ రెండూ ఒకటి కావు. సంతాప సభ పోయినవారి కోసం, ఆదరణ కూడిక మిగిలినవారి కోసం. తెలుగు బైబిలు అనువదించినవారు ఓదార్పు అన్న అర్థానికి ఎక్కువ చోట్ల ‘ఆదరణ’ అన్న మాటను ఎంచుకున్నారు. పరిశుద్ధాత్మకు ‘ఆదరణకర్త’ అని పేరు పెట్టారు. లోకవ్యవహారంలో ఆదరణ అంటే ఓదార్పు ఒక్కటే కాదు. గడపలోకి రమ్మనడం, కూర్చోమనడం, మంచినీళ్లివ్వడం, మనిషిని మనిషిగా లెక్కచేయడం కూడా ఆదరణే. తరతరాలుగా ఎవరి గడపలోకీ రానివ్వని జనానికి, దూరం నుంచి దోసిట్లో నీళ్లు పోయించుకున్న జనానికి, దేవుడే ఆదరిస్తాడని ఎవరో చెబితే ఆ మాట రెండు అర్థాలతోనూ ఒక్కసారే చెవిన పడి ఉంటుంది. మత మార్పిడుల మీద మనం రాసుకున్న పుస్తకాలు ఈ చిన్న విషయాన్ని పెద్దగా పట్టించుకోలేదు.

పద్దెనిమిదేళ్ల కిందట మా పెద్దమ్మ పెద్దకొడుకు ఒక ఆసామి పొలంలో మోటారు దగ్గర కరెంటు కొట్టి చనిపోయాడు. అతనికి ముప్పై కూడా నిండలేదు. ఊరి పెద్దలు కొంత డబ్బు చేతిలో పెట్టి సర్దుబాటు చేశారు. ఆసామి ఇంటి నుంచి పల్లె దాకా వచ్చినవారు ఒక్కరూ లేరు. అప్పుడు నేను హైదరాబాదులో పరిశోధక విద్యార్థిని. మార్క్సునూ అంబేడ్కర్‌నూ కలిపి చదువుతున్న వయసు, సమాధానాలన్నీ దొరికేశాయనుకునే వయసు కూడా. పల్లెకు వెళ్లేసరికి ఇంట్లో రాత్రి ప్రార్థన జరుగుతోంది. అది నలభై రోజులు సాగింది. నాకు చిరాకు పుట్టింది. పెద్దమ్మా, ఈ ప్రార్థనలు కాదు, కేసు పెట్టాలి అన్నాను. ఆమె నా వంక కోపం లేకుండా చూసి, ‘‘కేసెయ్యి నాయినా, నేనొద్దన్నానా? రేత్రి పూట ఈ గుండెకాయను ఎవురు పట్టుకుంటారు మరి?’’ అంది.

తర్వాత ఆమె పోలీసు స్టేషనుకు వెళ్లింది. ఒక్కతే కాదు, రాత్రి ప్రార్థనకు వచ్చే ఆడవాళ్లలో నలుగురు వెంట నడిచారు. రెండేళ్ల పాటు ఆఫీసుల చుట్టూ తిరిగారు. ఆ తిరుగుడులో ఏమీ తేలలేదు, ఆ సంగతి దాచి లాభం లేదు. కానీ ఆ ఐదుగురు కలిసి తిరగడానికి కావలసిన కూడిక ఆ నలభై రాత్రుల్లోనే ఏర్పడిందని నాకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది.

మతాన్ని మత్తుమందుతో పోల్చిన మార్క్సు మాట మన సభల్లో వినిపించినంతగా, అదే చోట అతను మతంలో పీడితుల బాధనూ ఆ బాధ మీద నిరసననూ కూడా చూశాడన్న సంగతి వినిపించదు. అంబేడ్కర్ విమర్శ ఇంతకంటే దగ్గరిది, కాబట్టి ఇంతకంటే కష్టమైనది. భారతీయ క్రైస్తవుల గురించి రాసిన వ్యాసాల్లో, మతం మారిన అంటరానివారు సామాజిక అన్యాయం మీద కదలకపోవడాన్ని ఆయన తీవ్రంగా ఎత్తిచూపాడు. మనిషి పతనానికి అతని పాపమే కారణమని బోధించే మతం, చుట్టూ ఉన్న వ్యవస్థ మీద పోరాడమని ఎట్లా చెబుతుందని ప్రశ్నించాడు. ఈ ప్రశ్నకు మన సంఘాలు నేటికీ సూటిగా జవాబు చెప్పలేదు. అయితే ఆ ప్రశ్న వేసిన మనిషే 1956 అక్టోబరు 14న నాగపూరులో లక్షల మందితో కలిసి స్వీకరించిన ధర్మం దుఃఖం అన్న మాటతోనే మొదలవుతుందన్నది మరువరాదు. బాధపడేవాడికి మతం అక్కర్లేదని ఆయన అనలేదు. ఎట్లాంటి ఓదార్పు మనిషిని నిలబెడుతుంది, ఎట్లాంటిది కూర్చోబెడుతుంది అన్నదే ఆయన వెతికింది.

ఇక రెండో వైపు నుంచి వచ్చే ఆరోపణ పాతది, నేడు అధికారం దన్నుతో కొత్త బలం పుంజుకున్నది. వీళ్లు బియ్యం కోసం, పాలపొడి కోసం, గోధుమనూక కోసం మారారన్నది దాని సారాంశం. ఒంగోలు చరిత్ర తెలిసినవారు ఈ మాట అనే ముందు కొంచెం తడబడతారు.

అమెరికన్ బాప్టిస్టులు 1836 నుంచి తెలుగు నాట పనిచేసినా, తొలి మూడు దశాబ్దాల్లో వారికి అనుచరులు దాదాపు లేరు. నెల్లూరులోని మిషన్‌ను మూసేద్దామన్న చర్చ ఒకటికి రెండుసార్లు అమెరికాలో జరిగింది. 1866లో జాన్ క్లౌ ఒంగోలు చేరిన రోజుల్లోనే ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ బాప్తిస్మం తీసుకున్నాడు. తోళ్ల వ్యాపారం చేసే పేరయ్య అంతకుముందే రాజయోగం సాధన చేసిన అన్వేషి. మిషనరీ వచ్చి లేపితే లేచినవాడు కాదు, తానే వెతుక్కుంటూ వెళ్లినవాడు. అతని వెంట మాదిగలు రావడం మొదలవగానే, అప్పటిదాకా క్లౌ బడికి వస్తున్న అగ్రకులాల పిల్లలు తప్పుకున్నారు. వీళ్లను చేర్చుకుంటే మేం రామన్నారు. అప్పుడు క్లౌ దంపతులు విడివిడిగా బైబిలు తెరిస్తే, లోకం నీచులుగా చూసేవారినే దేవుడు ఏర్పరచుకున్నాడని చెప్పే కొరింథీయుల పత్రికలోని ఒకే భాగం ఇద్దరికీ కనబడిందని మిషన్ కథనం. ఆ యాదృచ్ఛికతను నమ్మినా నమ్మకపోయినా, నిర్ణయం మాత్రం చారిత్రక వాస్తవం. ఒంగోలు మిషన్ బ్రాహ్మణ, కోమటి పిల్లలను వదులుకుని మాదిగపల్లెల వైపు వెళ్లింది.

పదేళ్ల తర్వాత 1876–78 మహా కరవు వచ్చింది. మద్రాసు రాష్ట్రం శవాల దిబ్బ అయింది. కరవు పనుల కింద బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల మేర పనిని క్లౌ కాంట్రాక్టుకు తీసుకున్నాడు. ఇతర కాంట్రాక్టుల కింద మేస్త్రీల తిట్లూ దెబ్బలూ తిన్న జనం ఇక్కడికి వచ్చారు. ఇక్కడ మేస్త్రీలు మాదిగ బోధకులే. పగలు తట్టలు లెక్కపెట్టినవారే పని మధ్యలో జనం పక్కన కూర్చుని మాట్లాడారు. వేల మంది బాప్తిస్మం అడిగారు. ఈ ఘట్టంలో మనం గమనించవలసిన విషయం ఇక్కడుంది. కరవు సాయం నడుస్తున్నంత కాలం క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. ఏడాదికి పైగా ఒక్కరికీ ఇవ్వలేదు. కూలి కోసం, గంజి కోసం వచ్చారన్న నింద వారి మీద పడకూడదన్నది అతని ఆలోచన. సాయం ఆగిపోయింది, ఇక పంచడానికి ఏమీ లేదు, మీ ఊళ్లకు వెళ్లిపొమ్మని చెప్పాక కూడా జనం కదల్లేదు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజే 2,222 మంది నీళ్లలోకి దిగారు. బియ్యం అయిపోయాక వచ్చిన జనాన్ని బియ్యం క్రైస్తవులని పిలవడం చరిత్రకు ఎదురు నడవడమే.

అయితే వారు వచ్చిందెందుకు? కరవులో తమతో కూర్చున్నవారెవరో, తమ శవాలను మోసినవారెవరో వాళ్లు చూశారు. ఊరి దేవత ఊరిదే. జాతరలో డప్పు కొట్టాల్సింది వీళ్లు, దున్నపోతును మోయాల్సింది వీళ్లు, గుడి మెట్టు మాత్రం ఎక్కకూడదు. వాళ్ల బాధను విని, అది నా బాధ కూడా అనే దేవుడి కథ, అందులోనూ అధికారులూ పురోహితులూ కలిసి ఊరి బయట చంపించిన ఒక వడ్రంగి కథ, వాళ్లకు పరాయిదిగా అనిపించి ఉండదు. ఊరి బయట అన్న మాటకు అర్థం వాళ్లకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు కదా.

ఈ నిర్ణయానికి వాళ్లు చెల్లించింది తక్కువేమీ కాదు. కొత్తగా చేరినవారు ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాల ముందు డప్పు కొట్టకూడదు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి పాటించినా ఊరి మీద తిరుగుబాటే. వెట్టికి రాని మాదిగకు బావి మూసేశారు, పనులు ఆపేశారు, తప్పుడు కేసులు బనాయించారు. ఆదివారం సెలవు అన్నది మన పల్లెల్లో కూలివాడు సంపాదించుకున్న తొలి వారాంతపు విశ్రాంతి అని కార్మికోద్యమ చరిత్రకారులెవరైనా రాస్తే చదవాలని ఉంది. ఆ నియమాల వల్ల డప్పును కూడా పోగొట్టుకున్నామన్నదీ నిజమే. 1994లో ఇదే ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన దండోరా ఉద్యమం దాన్ని తిరిగి భుజానికెత్తుకునేదాకా మాదిగ క్రైస్తవ ఇళ్లలో డప్పు ఒక సిగ్గుగానే మిగిలింది.

ఆ తర్వాతి చరిత్రలో ఈ ఆదరణ ఏం చేసింది? 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపినప్పుడు, బతికినవారు చీరాలకు పారిపోయి చర్చి ఆవరణలోనే తలదాచుకున్నారు. ఆ ఆవరణలోని శిబిరం చుట్టూనే ఉద్యమం లేచింది, దళిత మహాసభ పుట్టింది. మృతుల పేర్లలో మోషే అన్న పేరు ఒకటికి రెండుసార్లు కనిపిస్తుంది. బానిసత్వం నుంచి జనాన్ని నడిపించుకుపోయిన వాడి పేరును కొడుక్కి పెట్టుకున్న తల్లిదండ్రులకు ఆ మతం కేవలం మత్తుగానే అందిందని అనగలమా? 1989 అట్రాసిటీ నిరోధక చట్టానికి నేపథ్యంగా నిలిచిన ఘటనల్లో కారంచేడు ఒకటి. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని నరికి చంపాక ఆ చట్టానికి పెద్ద పరీక్ష ఎదురైంది. 2007లో ప్రత్యేక న్యాయస్థానం 21 మందికి యావజ్జీవం విధించింది. 2014లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది.

ఇప్పుడు ఆ చట్టమే బైబిలు పట్టుకున్న దళితుడికి వర్తించదంటున్నారు. 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు గుంటూరు జిల్లాకు చెందిన ఒక పాస్టరు పెట్టిన కేసును కొట్టివేసింది. క్రైస్తవంలో కులానికి తావు లేదు కాబట్టి, మతం మారి దాన్ని చురుకుగా ఆచరిస్తున్న వ్యక్తి షెడ్యూల్డు కులాల హోదా కోల్పోతాడనీ, చేతిలో కుల ధ్రువపత్రం ఉన్నంత మాత్రాన అట్రాసిటీ చట్టం రక్షణ దొరకదనీ తేల్చింది. అంతకుముందు 2024 నవంబరులో, ఉద్యోగం కోసం ఎస్సీ ధ్రువపత్రం అడిగిన పుదుచ్చేరి మహిళ కేసులో సుప్రీంకోర్టు, విశ్వాసం లేకుండా కేవలం రిజర్వేషన్ కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని అభిప్రాయపడింది. ఆ కేసులో బాప్తిస్మం సాక్ష్యమైంది.

న్యాయమూర్తులు చట్టాన్ని తప్పు చదివారని నేను అనడం లేదు. చట్టమే అట్లా ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వులోని మూడో పేరా హిందువులకే ఎస్సీ హోదా అంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లిములు బయటే ఉండిపోయారు. సిక్కు మతంలోనూ బౌద్ధంలోనూ సిద్ధాంతరీత్యా కులం లేదు. అయినా కులం వాళ్లను వదల్లేదని పార్లమెంటు ఒప్పుకుంది. మరి క్రైస్తవం దగ్గరికి వచ్చేసరికి సిద్ధాంతమే సాక్ష్యమెందుకైంది? సూసై కేసు గుర్తు చేసుకోండి. మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే ఒక ఆది ద్రావిడుడు, ప్రభుత్వం తోటి ఎస్సీ చెప్పులు కుట్టేవారికి ఉచితంగా ఇచ్చిన బంకు తనకు ఇవ్వలేదని సుప్రీంకోర్టుకు వెళ్లాడు. మతం మారాక కూడా కులవివక్ష అంతే తీవ్రతతో ఉందని తగినంత సమాచారంతో చూపలేదని కోర్టు 1985లో తోసిపుచ్చింది. రోడ్డు అదే, చెప్పులు అవే, అతన్ని చూసే జనం కూడా వాళ్లే. అది కారంచేడు జరిగిన ఏడాదే.

సమాచారం లేదన్న కొరతను తీర్చడానికి రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో నివేదిక ఇచ్చింది, ఎస్సీ హోదాను మతం నుంచి విడదీయమంది. దాన్ని పక్కన పెట్టి 2022లో కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేశారు, గడువు పొడిగించారు. మన రాష్ట్రం విషయానికొస్తే 1977 నాటి జీవో 341 కొన్ని రాయితీలను దళిత క్రైస్తవులకు విస్తరించింది. కానీ అవి రాజ్యాంగబద్ధమైన హక్కులు కావు. 2023 మార్చిలో అసెంబ్లీ తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది. ప్రస్తుతానికి చర్చికి వెళ్తానని ఒప్పుకున్న మాదిగకు దక్కేది బీసీ–సి, అంటే ఒక్క శాతం.

ఈ లెక్క పల్లెల్లో ఏం చేసిందో అందరికీ తెలుసు, ఎవరూ పైకి చెప్పరు. సంఘం రిజిస్టరులో ఒక పేరు, బడి రిజిస్టరులో మరో పేరు. కాగితం మీద హిందువు, ఆదివారం క్రైస్తవుడు. దీన్ని మోసం అనేవాళ్లను నేను ఒకటే అడుగుతాను. అగ్రకులంలో పుట్టి క్రైస్తవుడైనవాడికి తన భూమి, తన కులం పేరు, తన పెళ్లి సంబంధాలు ఏవైనా తగ్గాయా? తెలుగు నాట రెడ్డి కాథలిక్కులూ కమ్మ కాథలిక్కులూ ఉన్నారన్నది రహస్యమా? ఓదార్పు వారికి ఉచితం. ఈ దేశంలో దుఃఖం వచ్చినప్పుడు తనకిష్టమైన దేవుడి దగ్గర ఏడవడానికి చట్టం ముందు వెల చెల్లించేది దళితుడొక్కడే.

సంఘాలను కూడా ఇక్కడ వదిలిపెట్టకూడదు. కులం లేదని కోర్టులో వాదించినవారికి బలం చేకూర్చింది, కులం లేదని ప్రసంగ పీఠం మీద చెబుతూ మాల చర్చి, మాదిగ చర్చి అని విడిగా కట్టుకున్న మనమే. కొన్ని చోట్ల సమాధుల తోటలు కూడా వేరువేరు. పోతే ఈ మధ్య ఆదరణ స్థానంలో మరొకటి వచ్చి కూర్చుంది. రాత్రి పూట మైకుల్లో స్వస్థత కూడికలు, నీకు విశ్వాసం తక్కువ కాబట్టే నీ కొడుకు బాగుపడలేదని తల్లులకు చెప్పే బోధకులు, కానుక వేస్తే అప్పు తీరుతుందన్న వాగ్దానాలు. అంబేడ్కర్ భయపడింది సరిగ్గా దీనికే. బాధను బాధితుడి తప్పుగా మార్చే ఏ బోధ అయినా కర్మ సిద్ధాంతానికి మరో వేషమే. బైబిల్లోనే యోబు అనే ఒక మనిషి ఉన్నాడు. బిడ్డలను పోగొట్టుకుని బూడిదలో కూర్చున్న అతని దగ్గరికి స్నేహితులు వచ్చి, నీ పాపమే దీనికి కారణమని గ్రంథాల ఆధారంతో వివరించారు. కథ చివర్లో దేవుడు కోప్పడింది ప్రశ్నలు వేసిన యోబు మీద కంటే, జవాబులు చెప్పిన ఆ స్నేహితుల మీదే ఎక్కువ. మన బోధకుల్లో చాలామంది ఆ పుస్తకంలో స్నేహితుల ప్రసంగాలే చదివి ఆపేసినట్లుంది.

మా పెద్దమ్మకు చదువు రాదు. వాక్యం విని కంఠతా పట్టేది. కొడుకు ఎందుకు పోయాడని దేవుణ్ణి ఆమె అడిగిన తీరు నేను విన్నాను, అది అణకువ కాదు. పొగాకు బేరం తేడా వచ్చినప్పుడు గుమాస్తాను నిలదీసే గొంతే అది. ఆ గొంతును ఆమెకు ఎవరిచ్చారో నా పుస్తకాల్లో దొరకలేదు. కోపాన్నీ ఓదార్పునూ ఒకే దేవుడి దగ్గర పెట్టుకోవచ్చని జాషువాకు తెలుసు. ‘గబ్బిలం’ రాసిన చేతితోనే ఆయన ‘క్రీస్తు చరిత్ర’ రాశాడు. దానికే 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. మన విమర్శకులు మాత్రం మొదటిదాన్ని ఉద్యమానికీ రెండోదాన్ని చర్చికీ పంచి ఇచ్చేశారు.

ఆదరణ కూడిక అయిపోయాక, ప్లేట్లలో భోజనాలు వడ్డిస్తుండగా, ఇంటివాళ్లు ఒక మూల కూర్చుని సమాధి గురించి మాట్లాడుకున్నారు. పోయిన కొడుకు కూతురు ఇప్పుడు డిగ్రీ మూడో ఏడు చదువుతోంది, గ్రూప్స్ రాస్తానంటోంది. ఆ అమ్మాయి కుల ధ్రువపత్రం కోసం విచారణకు ఎవరైనా వస్తే, నాయనమ్మ సమాధి మీద శిలువ కనబడితే ఏమవుతుందన్నది ప్రశ్న. ఒకరు వద్దే వద్దన్నారు. ఒకరు పేరు చెక్కించి ‘ప్రభువునందు నిద్రించినది’ అన్న మాట వదిలేద్దామన్నారు. అమ్మాయి మాత్రం ఏమీ మాట్లాడకుండా వింటూ కూర్చుంది, చివరికి లేచి, ‘‘నాయనమ్మ అడిగింది శిలువే గదా’’ అని గిన్నెలు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

నేను తిరిగి యూనివర్సిటీకి వచ్చేసరికి ఆ చర్చ తేలలేదు. మొన్న ఫోన్ చేస్తే, సిమెంటు పని అయిందనీ, పైన తలవైపు మాత్రం జానెడు చోటు ఖాళీగా వదిలారనీ చెప్పారు.